అర చుట్టు

ఖైరాన్‌లో సముద్రం పక్కన షాలే.
పెరట్లో గుడ్డు మాదిరి పచ్చని పింగాణీ పొయ్యి.
మూత ఎత్తినప్పుడల్లా కీలు కిర్రుమనేది, లెక్కజెయ్యలేదు.
బేస్తవారం రాత్రి ఆ మూత బెత్తెడు జారి
నా మణికట్టు పక్కన ఆగింది.

బోల్టు ఇరిగింది.
ఇరిగిన చోట లోపలంతా
ఆకూవక్కా నమిలి ఊసిన రంగు.
నాలుగేండ్లు ఉప్పుగాలి నాకిన ఇనుము.

"కొత్తది కొందాంలే" అనె మామా,
ఫోను మీంచి కండ్లెత్తకుండా.
(ఈడ ఇంటామెను మామా అంటాం.
మా మేనమామలకు కోపమొస్తే రానీ.)
"రెండు బోల్టులే గదా మామా" అంటి.

డ్రైవరు తాజుల్ పెట్రోలు బంకు పక్క అంగట్లో నాలుగు తెచ్చినాడు.
తళతళా, పెండ్లికూతురి మట్టెల మాదిరి.
ఫ్రిజ్జు మీది ఒంటెబొమ్మ అయస్కాంతం పీకి
ఆనించి సూసినా.
టక్కని కరుచుకున్యాది.
ఇనుమే. పైన పూత.
ఆ పూత సముద్రానికి ఒక ఎండాకాలం,
నిప్పుకు ఒక గంట.
కాలితే పొగ. ఆ పొగ పిల్లోళ్ళు తినే చేపకెందుకు?
"వాపసియ్యి పో."
తాజుల్ ఒంటెను సూసి, నన్ను సూసి
"ఇంజనీరు దీదీ" అన్నాడు.
ఎగతాళికే అన్నాడు గానీ
నేను మాత్రం కొంగున కట్టుకున్నా.

శువైఖ్. బోల్టులు కిలోల లెక్కన అమ్మే వీధి.
మురాద్ చాచా రెండు కుప్పలు పోసినాడు.
రెండిటినీ ఒంటె ముట్టలేదు.
"మరి ఏది మంచిది?"
బోల్టు నెత్తి తిప్పి చూపించె. చీమకాలంత అక్షరాలు.
"ఏ-టూ వంటింటికి. ఏ-ఫోర్ సముద్రానికి."
ధర కూడా సముద్రమంతే.
పాత ముక్కకు కొత్త నట్టు ఎక్కించబోతే
రెండు చుట్లు పోయి మొరాయించింది.
"బలవంతం వద్దు బేటీ, అమెరికా పొయ్యి ఇది, అంగుళాల మర.
మిల్లీమీటర్లది రెండు చుట్లు చుట్టం మాదిరి పోతాది,
మూడో చుట్టుకు మరలు కొరికేస్తాది."
ఆ మాటకు తాజుల్ ఎందుకో గట్టిగా నవ్వె.
వాని బావ గుర్తొచ్చినాడంట.

దీనారులో మిగిలింది నూటాయాభై ఫిల్సులు.
ఒక చాయ్, రెండు కాగితం గ్లాసులు.

శుక్రవారం పొద్దున మూత మూసి, పట్టీలు సరిజేసి,
ముందు వేళ్ళతో, ఆనెక స్పానరుతో.
ఈ పక్క అర చుట్టు. ఆ పక్క అర చుట్టు.
ఒక్కపక్కనే బిగిస్తే పట్టీ ఓరబోతాది.
మధ్య మధ్యన చపాతీ కర్రకు గుడ్డ చుట్టి తట్టినా,
నిద్దరబోయే బిడ్డ ఈపు తట్టినట్టు.

ఎంత బిగించాల?
పుస్తకంలో అంకె ఉందంట. పుస్తకం ఎప్పుడో పోయింది.
వదులైతే మూత జారతాది.
ఎక్కువైతే పగులు. ఈరోజు గాదు,
ఏడో మంట నాడో, ఎనిమిదో మంట నాడో.

మాయమ్మ లక్కిరెడ్డిపల్లె సంతలో గాజులు తొడిగేది.
చెయ్యి పిండి, బొటనేలు లోపలికి మడిచి నెట్టుకుంటా పోయి
గాజు కణుపు కాడ ఆగితే
కండ్లు మూసుకునేది.
"అదే చెప్తాది మే, ఇనాల.
ఇరిగిందాకా నెడితే దుడ్లు మనవే పోతాయి."

నేనూ కండ్లు మూసుకున్నా.
స్పానరు బరువెక్కింది.
ఇంకొక పావు చుట్టు అడిగింది చెయ్యి.
ఇయ్యలేదు.

రాత్రికి రెండు హమూర్ చేపలు కాల్చినా.
మూత పైకి లేచి, లేచిన చోటనే నిలబడింది.
"ఖలాస్?" అనె మామా.
"ఇంకా లే మామా. మంట తగిలినాక పట్టీ సాగుతాది.
రేపు సల్లారినాక మళ్ళా ఒక అర చుట్టు."
అప్పుడు ఎత్తింది కండ్లు, ఫోను మీంచి.

పనంతా అయి పండుకుంటే గుర్తొచ్చె:
ఒంటెను ఫ్రిజ్జుకు పెట్టనే లేదు.
పిల్లోని బడి కాగితం యాడ బడిందో ఏమో.
తడిమితే జేబులోనే ఉంది,
ఇరిగిన ముక్కను కరుచుకోని.